పన్నెండో గడి

ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీల వెనక సందు.
తలుపు తట్టకముందే తుమ్ము వచ్చింది.
"ఘాటు అలవాటయ్యేదాకే మేడం,
తర్వాత మామూలు గాలే చప్పగా ఉంటది" అంది కృపావతి.
తొడిమలు తీస్తున్న చేతిని కొంగుకి తుడుచుకుని
పీట జరిపింది.

నా సంచిలో ఇరవై ప్రశ్నలు,
ఓ ఎర్ర బంతి, గిలక్కాయ, స్టాప్‌వాచీ.
మూడేళ్ల పరిశోధన. ఈ పిల్లాడు రెండొందల పదకొండోవాడు.
ఫారంలో పేరుండదు, నెంబరే.
అయినా అడిగాను. ఎలీషా.
పంతొమ్మిది నెలలు.

పిలిచాను.
స్టాప్‌వాచీ నడుస్తోంది. మళ్లీ పిలిచాను.
వాడు గిన్నె మూతని గిర్రున తిప్పి
చెంప నేలకానించి చూస్తున్నాడు
అది తూలి, తూలి, గలగలమని పడిపోయేదాకా.
పడగానే మళ్లీ.
మూడోసారి పిలుస్తుంటే మా మధ్యనుంచి
వాళ్లక్క దూసుకుపోయింది, షారోను, నాలుగేళ్లది.
గిలక్కాయ దాని చేతిలో, బంతి మురిక్కాలవలో.
"దాని అరికాళ్లలో మిరపకాయ పెట్టి పుట్టించాడు దేవుడు."
దాని ఫారం వేరే రంగు.

నల్లపాడు వైపు గూడ్సు కూతేసింది,
మాకు వినపడీ వినపడనంత దూరంలో.
ఎలీషా తలెత్తాడు.
చెవి బానే ఉంది, అని రాసుకున్నాను.
పక్కన ఇంకేదో రాయాలనిపించింది.
జాగా లేదు.

నాయనమ్మ దీనమ్మ గడపలో కూచుని
నా పెన్ను ఎటు కదిలితే అటు చూస్తోంది.
"వాళ్ల తాత నాలుగో ఏట నోరు విప్పాడమ్మా.
విప్పాక ముప్ఫై ఏళ్లు యార్డులో వేలంపాట పాడాడు.
అది కూడా రాసుకో."
దానికి గడి లేదు.
"రాసుకున్నా" అన్నాను.

ఏడో ప్రశ్న.
కాకినో చందమామనో వేలెత్తి చూపిస్తాడా?
ఇవ్వమని కాదు. ఊరికే,
నువ్వూ చూడు, అని.

కృపావతి చాలాసేపు మాట్లాడలేదు.
వేళ్లు వాటంతటవే తొడిమలు తుంచుతున్నాయి.
"చూపిస్తాడు" అంది.
కాసేపాగి,
"చూపించే ఉంటాడు. పనిలో పడి
నేనే చూసుండను."

బ్రాడీపేట ఫ్లాట్లలో సోఫాల మీంచి కూడా
ఇదే మాట విన్నాను.

"ముందే తెలిస్తే ఏం చేస్తారు?"
సంచిలోంచి కాగితం తీశాను.
మంగళవారం, శుక్రవారం. అరండల్‌పేట కేంద్రం.
ఉచితం. రెండు ఆటోలు మారాలి.
వారానికి రెండు రోజుల బస్తాలు
ఆమె పెదవుల మీద లెక్క కడుతున్నాయి.
ఎంత ముందు మొదలుపెడితే అంత మేలమ్మా, అన్నాను.
నమ్మే అన్నాను.

అప్పుడు వాడు లేచి వచ్చాడు.
నా మొహం చూడలేదు.
మణికట్టు పట్టుకుని
గూట్లోంచి తాళంచెవి తీసుకున్నంత మామూలుగా
నా చేతిని తీసుకెళ్లి మూత మీద పెట్టాడు.

ఇదీ ఉంది ఫారంలో, పన్నెండో గడి.
ఎదుటివాళ్ల చేతిని పనిముట్టులా వాడతాడు.
అవును, అని టిక్కు పెట్టాలి.
పెడతాను.
ఎడమచేత్తో రాయడం రాదు నాకు.
కుడిచెయ్యి వాడి దగ్గరుంది.

తిప్పాను.
ఇద్దరం చెంపలు నేలకానించాం.
మిరప గింజలు గుచ్చుకున్నాయి. గచ్చు చల్లగా ఉంది.
పైనుంచి చూస్తే అది మూతే.
కిందనుంచి, అంచు మీద వాకిలి వెలుగు
సన్నని తీగలా సాగి, వంగి,
పడబోయే ముందు ఒక్కసారి
వెడల్పుగా విచ్చుకుంటుంది.

స్టాప్‌వాచీ ఆపడం మర్చిపోయాను.
షారోను దాన్ని మెళ్లో వేసుకుని
సందు చివరిదాకా పరిగెత్తింది.
ఇంకా నడుస్తూనే ఉంది.